ఆస్ట్రేలియాలో సొంత సూపర్ ఫండ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సొంత సూపర్ ఫండ్ పెట్టుకోవాలని అనుకున్నప్పుడు కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. సూపర్ (సూపరాన్యుయేషన్) అంటే పదవీ విరమణ కోసం దాచే సొమ్ము. ఇందులోని పరిమితులు, రేట్లు 2025–26 ఆర్థిక సంవత్సరానివి. వీటిలో కొన్ని జులై 1న మారుతుంటాయి కాబట్టి, నిర్ణయం తీసుకునే ముందు పన్నుల శాఖ అయిన ఏటీవో ప్రకటించిన తాజా అంకెలతో సరిచూసుకోవాలి.

సొంత సూపర్ ఫండ్ అంటే ఏమిటి? పెద్ద ఫండ్‌కూ దీనికీ తేడా ఏమిటి?

ఉద్యోగి జీతంపై యజమాని కట్టే సూపర్ (2025 జులై 1 నుంచి ఇది 12 శాతం) సాధారణంగా ఏదో ఒక పెద్ద ఫండ్‌కు చేరుతుంది. అక్కడ డబ్బు దాచుకునే సభ్యులు వేరు, దాన్ని నిర్వహించే ట్రస్టీలు వేరు. వాడుకలో ఎస్‌ఎంఎస్‌ఎఫ్ అని పిలిచే సొంత ఫండ్‌లో మాత్రం సభ్యులే ట్రస్టీలు. పెట్టుబడి ఎక్కడ పెట్టాలో నిర్ణయించేదీ, లెక్కలు రాయించేదీ, తప్పు జరిగితే జవాబు చెప్పవలసిందీ వారే. 1993 నాటి సూపరాన్యుయేషన్ పర్యవేక్షణ చట్టం ప్రకారం నడిచే ఈ ఫండ్లపై ఏటీవో నియంత్రణ ఉంటుంది. దేశంలో ఇలాంటివి 6 లక్షలకు పైగా ఉన్నాయి.

అకౌంటెంటును పెట్టుకున్నా, ఆర్థిక సలహాదారును పెట్టుకున్నా, ట్రస్టీగా సంతకం చేసిన వారి మీద నుంచి బాధ్యత తొలగదు. పెద్ద ఫండ్‌లో మోసం వల్లో దొంగతనం వల్లో నష్టం జరిగితే చట్టప్రకారం పరిహారం అందే ఏర్పాటు ఉంది. సొంత ఫండ్‌కు ఆ రక్షణ లేదు.

అది నా కష్టార్జితమే కదా, అవసరానికి ఎందుకు వాడుకోకూడదు?

అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవలసిన విషయం ఇదే. చట్టం దృష్టిలో ఆ డబ్బు ట్రస్టుది. సభ్యుల పదవీ విరమణకు, లేదా సభ్యుడు మరణిస్తే ఆయన మీద ఆధారపడిన వారికి ప్రయోజనం కలిగించడం కోసం మాత్రమే ఫండ్ నడవాలి. దీన్నే ఏకైక ప్రయోజన నియమం అంటారు, మిగిలిన నిబంధనలన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే. ఫండ్ డబ్బును సభ్యులకు గాని వారి బంధువులకు గాని అప్పుగా ఇవ్వకూడదు. వడ్డీ తీసుకున్నా, వారం రోజుల్లో తిరిగి జమ చేసినా అది ఉల్లంఘనే. చెల్లెలి పెళ్లి ఖర్చుకో, సొంత ఇంటి వాయిదాకో ఫండ్ ఖాతా నుంచి నాలుగు రోజుల కోసం తీసిన డబ్బు కూడా బ్యాంకు స్టేట్‌మెంటులో ఆడిటరు కంట పడుతుంది.

బంధువుకు అప్పు ఇచ్చినందుకు పడే పరిపాలనా జరిమానా 60 పెనాల్టీ యూనిట్లు. 2024 నవంబరు 7 నుంచి ఒక యూనిట్ 330 డాలర్లు కాబట్టి మొత్తం 19,800 డాలర్లు అవుతుంది. ట్రస్టీలు వ్యక్తులైతే ఒక్కొక్కరిపై విడివిడిగా ఇంత పడుతుంది, పైగా దాన్ని ఫండ్ సొమ్ముతో కట్టకూడదు.

ఎంత నిల్వ ఉంటే సొంత ఫండ్ పెట్టుకోవడం లాభసాటి?

చట్టం కనీస మొత్తాన్ని నిర్ణయించలేదు. అయితే ఖర్చుల్లో చాలా భాగం నిల్వతో సంబంధం లేకుండా ఒకే తీరుగా ఉంటుంది. ఏటీవో పర్యవేక్షణ రుసుము ఏడాదికి 259 డాలర్లు. మొదటి ఏడాది రెండేళ్లకు కలిపి 518 కట్టాలి. దీనికి ఆడిట్, ఖాతాల తయారీ, ట్రస్టీగా కంపెనీని పెట్టుకుంటే దాని వార్షిక రుసుము తోడవుతాయి. ఉదాహరణకు ఏడాది ఖర్చు మొత్తం 4,000 డాలర్లు అనుకుంటే, లక్ష డాలర్ల ఫండ్‌లో అది 4 శాతం, అంటే పెట్టుబడి మీద వచ్చే రాబడిలో పెద్ద భాగం ఖర్చులకే పోతుంది. అదే ఖర్చు 6 లక్షల ఫండ్‌లో 0.7 శాతం కూడా కాదు.

నిల్వ ఎంత అన్న దానితో పాటు సమయం ఎంత అన్నది కూడా చూసుకోవాలి. రాబడులు, నిబంధనలు, కాగితాలు గమనించడానికి నెలనెలా కొంత సమయం కేటాయించలేని వారికి, నిల్వ ఎంత ఉన్నా, తక్కువ రుసుము తీసుకునే పెద్ద ఫండే మేలని నా అభిప్రాయం.

ఎవరెవరు సభ్యులుగా చేరవచ్చు?

2021 జులై 1 నుంచి గరిష్ఠంగా ఆరుగురు. భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కలిసి పెట్టుకోవచ్చు. బంధుత్వం లేని యజమాని, ఉద్యోగి ఒకే ఫండ్‌లో ఉండకూడదు. దివాలా ప్రక్రియ ముగియని వారు, నిజాయితీకి సంబంధించిన నేరంలో శిక్ష పడిన వారు ట్రస్టీలు కాలేరు.

భార్యాభర్తల ఫండ్లలో ఒక అలవాటు తరచుగా కనిపిస్తుంది. పెట్టుబడులన్నీ ఒకరే చూసుకుంటారు, రెండోవారు చూపిన చోట సంతకం పెడతారు. చట్టం ముందు ఇద్దరి బాధ్యతా సమానమే. చూసుకునే వ్యక్తి హఠాత్తుగా అనారోగ్యం పాలైతే రెండోవారికి పాస్‌వర్డులు కూడా తెలియని పరిస్థితి రాకూడదు కాబట్టి, ఇద్దరూ ఏటా ఒకసారైనా కూర్చుని ఖాతాలన్నీ చూడడం మంచిది.

ట్రస్టీలుగా మేమే ఉండాలా, కంపెనీని పెట్టాలా?

రెండు పద్ధతులూ చెల్లుతాయి. వ్యక్తులే ట్రస్టీలైతే మొదట్లో ఖర్చు తక్కువ, కానీ కనీసం ఇద్దరు ఉండాలి. సభ్యులు చేరినా వెళ్లినా ప్రతి ఆస్తి మీదా పేర్లు మార్పించాలి. కంపెనీ ట్రస్టీ అయితే డైరెక్టర్లు మారతారే తప్ప ఆస్తులు కంపెనీ పేరు మీదే ఉంటాయి. సభ్యుడు ఒక్కరే ఉన్నా ఏకైక డైరెక్టరుగా నడుపుకోవచ్చు. జరిమానా కూడా కంపెనీకి ఒక్కసారే పడుతుంది. స్థిరాస్తి కొనే ఉద్దేశం ఉన్నవారు మొదటి రోజు నుంచే కంపెనీ పెట్టుకోవడం మేలు.

ఫండ్ పెట్టేటప్పుడు పనులు ఏ వరుసలో జరగాలి?

ముందుగా, కంపెనీ పద్ధతి ఎంచుకున్నవారు డైరెక్టర్ గుర్తింపు సంఖ్య తీసుకుని కంపెనీని నమోదు చేయాలి. తరువాత ఫండ్ నడిచే నియమాలు ఉండే ట్రస్ట్ డీడ్ రాయించి, తేదీ వేసి, అందరూ సంతకాలు చేయాలి. ట్రస్టీ లేదా డైరెక్టరు అయిన 21 రోజుల్లోగా ప్రతి ఒక్కరూ ఏటీవో నమూనాలోని ట్రస్టీ డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. దీన్ని ఏటీవోకు పంపనక్కర్లేదు గాని, అడిగినప్పుడు చూపించేలా కనీసం పదేళ్లు భద్రపరచాలి. ఫండ్ ఏర్పడిన 60 రోజుల్లోగా ఏబీఎన్ అనే వ్యాపార సంఖ్య, పన్ను సంఖ్యల కోసం దరఖాస్తు చేస్తూ, నియంత్రిత ఫండ్‌గా ఉంటామని తెలపాలి. తరువాత ఫండ్ పేరిట ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరిచి, యజమాని నుంచి డబ్బుతో పాటు వివరాలు చేరడానికి ఎలక్ట్రానిక్ సర్వీస్ అడ్రస్ తీసుకోవాలి.

ఆస్తులు కొనేటప్పుడు పేరు ఎలా రాయించాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని చిక్కంతా అక్కడే వస్తుంది. షేర్లు గాని, స్థలం గాని ట్రస్టీ పేరిట, ఫలానా ఫండ్ కోసం అన్న హోదాలో ఉండాలి. ఫండ్ డబ్బుతో కొన్న షేర్లు సభ్యుని వ్యక్తిగత ఖాతాలో పడితే, సొంత ఆస్తినీ ఫండ్ ఆస్తినీ వేరుగా ఉంచాలన్న నియమం ఆ రోజే తప్పినట్టు లెక్క.

పాత ఫండ్‌లోని డబ్బంతా ఒకేసారి మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. 2021 అక్టోబరు నుంచి ఇలాంటి బదిలీలు సూపర్‌స్ట్రీమ్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరుగుతున్నాయి. కానీ పాత ఖాతాను పూర్తిగా ఖాళీ చేస్తే దానితో వచ్చిన జీవిత బీమా, వైకల్య బీమా కూడా పోతాయి. మధుమేహం, రక్తపోటు లాంటివి ఉన్నవారికి కొత్త బీమా దొరకడం కష్టం కావచ్చు, దొరికినా ప్రీమియం పెరగవచ్చు. అందుకే చాలామంది కొంత నిల్వ పాత ఫండ్‌లోనే ఉంచుతారు. అలా ఉంచినా వరుసగా 16 నెలలు ఆ ఖాతాలో డబ్బు జమ కాకపోతే బీమా రద్దవుతుంది కాబట్టి, దాన్ని కొనసాగించమని ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ పని పూర్తయిన తరువాతే బదిలీ పత్రం నింపండి.

పెట్టుబడి వ్యూహం కాగితం మీద తప్పనిసరిగా ఉండాలా?

ఉండాలి. నష్టభయం, రాబడి, పెట్టుబడుల వైవిధ్యం, అవసరానికి చేతికందే నగదు, అప్పులు తీర్చగలిగే స్తోమత, సభ్యులకు బీమా అవసరమా కాదా అన్న వాటిని ఆలోచించినట్లు అందులో కనబడాలి. ప్రతి ఆస్తి వర్గానికీ సున్నా నుంచి 100 శాతం అని రాసి ఊరుకున్న పత్రాన్ని ఏటీవో ఆలోచించి తయారు చేసినదిగా పరిగణించదు. ఒకే ఇంటిలో 90 శాతం పెట్టదలచుకుంటే, ఎందుకు పెడుతున్నారో, దాని వల్ల వచ్చే నష్టభయాన్ని ఎలా భరిస్తారో రాయాలి.

ఫండ్ డబ్బుతో ఇల్లు కొని మేము ఉండవచ్చా?

ఉండకూడదు. మార్కెట్ అద్దె కట్టినా సరే, సభ్యులు గాని వారి బంధువులు గాని ఆ ఇంట్లో నివసించకూడదు. సభ్యుల పేరిట ఇప్పటికే ఉన్న ఇంటిని ఫండ్ కొనకూడదు. వ్యాపార స్థలాలకు మాత్రం మినహాయింపు ఉంది. దంత వైద్యురాలు తన క్లినిక్ నడిచే భవనాన్ని మార్కెట్ ధరకు తన ఫండ్‌కు అమ్మి, మార్కెట్ అద్దె కడుతూ అక్కడే ప్రాక్టీసు కొనసాగించవచ్చు. అయితే బయటి యజమానికి కట్టినంత కచ్చితంగా అద్దె కట్టాలి, లీజు పత్రం కూడా ఉండాలి.

అప్పు చేసి కొనే పద్ధతి కూడా ఉంది. ఆస్తిని వేరే ట్రస్టు పేరిట ఉంచాలి, అప్పు తీరకపోతే రుణదాత ఆ ఒక్క ఆస్తినే తీసుకోగలగాలి, అప్పుతో తెచ్చిన డబ్బును మరమ్మతులకు వాడవచ్చు గాని ఇంటికి మెరుగులు దిద్దడానికి వాడకూడదు.

స్థిరాస్తి మీద మనవాళ్లకు ఉన్న మక్కువ తెలిసిందే, అందుకే ఒక లెక్క వేసి చూపుతాను. 10 లక్షల డాలర్ల ఫండ్‌లో 9 లక్షలు ఇంటి రూపంలో ఉన్నాయని, ఖర్చులు పోను అద్దె ఏడాదికి 28,000 వస్తోందని అనుకుందాం. సభ్యుడు 60 ఏళ్లు దాటి విరమించి పెన్షన్ మొదలుపెడితే, ఏటా కనీసం 4 శాతం, అంటే 40,000 డాలర్లు తీయాలి. లోటు 12,000 మిగిలిన నగదు నుంచి తీస్తూ పోవాలి. 65 దాటగానే కనీసం 5 శాతం, 75 దాటితే 6 శాతం తీయాలి. అప్పటికి నగదు అయిపోతే మిగిలేది ఇల్లే. వంటగదిని మాత్రం అమ్మి పెన్షన్ తీసుకోవడం కుదరదు కదా, మొత్తం ఇల్లు అమ్మవలసి వస్తుంది, అదీ ధర ఉన్నప్పుడు కాదు, అవసరం వచ్చినప్పుడు.

బంగారం కొనవచ్చా?

బిస్కెట్లు, కడ్డీల రూపంలో కొనవచ్చు. కొన్న రసీదు ట్రస్టీ పేరిట ఉండాలి, ఎక్కడ భద్రపరిచారో ఆడిటరుకు చూపగలగాలి, ఏటా జూన్ 30 నాటి మార్కెట్ విలువ లెక్కలోకి రావాలి. నగలు ఈ లెక్కలోకి రావు. చట్టం వాటిని చిత్రపటాలు, పాత కార్ల సరసన చేర్చింది. ఫండ్ కొన్న హారాన్ని సభ్యురాలు ఒక్క పూట పేరంటానికి వేసుకున్నా ఉల్లంఘనే. దాన్ని సభ్యుల ఇంట్లో గాని బంధువుల ఇంట్లో గాని దాచకూడదు, కొన్న ఏడు రోజుల్లోగా ఫండ్ పేరిట బీమా చేయించాలి, ఎక్కడ ఉంచాలని నిర్ణయించారో రాసిపెట్టాలి. బంధువుకే అమ్మదలచుకుంటే స్వతంత్ర నిపుణుడు కట్టిన మార్కెట్ విలువకే అమ్మాలి. ఇంట్లో ఇప్పటికే ఉన్న నగలను ఫండ్‌కు అమ్మడం కుదరదు. వేసుకోవడానికి కొనే బంగారం సొంత డబ్బుతోనే కొనుక్కోవాలి.

ఏటా ఎంత జమ చేయవచ్చు, పన్ను ఎంత?

పన్ను మినహాయింపు వర్తించే జమలకు పరిమితి 30,000 డాలర్లు, యజమాని కట్టే 12 శాతం కూడా ఇందులోకే వస్తుంది. గత జూన్ 30 నాటికి మొత్తం సూపర్ నిల్వ 5 లక్షల లోపు ఉన్నవారు, గడచిన ఐదేళ్లలో వాడుకోని పరిమితిని కూడా వాడుకోవచ్చు. పన్ను కట్టిన సొమ్ము నుంచి వేసే జమలకు పరిమితి 1,20,000. అర్హులు మూడేళ్ల పరిమితిని ముందుగానే కలిపి 3,60,000 వేయవచ్చు. డబ్బు ఫండ్ ఖాతాలో ఏ రోజు పడితే ఆ రోజే లెక్క, కాబట్టి జూన్ 30 సాయంత్రం పంపిన బదిలీ జులై 1న చేరితే మరుసటి ఏడాదిలోకి పోతుంది.

మినహాయింపు జమల మీద, ఫండ్ ఆదాయం మీద పన్ను 15 శాతం. ఏడాదికి మించి ఉంచుకున్న ఆస్తి అమ్మితే లాభంలో మూడో వంతు మినహాయింపు పోగా నికరంగా 10 శాతం పడుతుంది. విరమణ పెన్షన్‌కు కేటాయించిన నిల్వ మీద వచ్చే ఆదాయానికి పన్ను లేదు, అయితే ఆ కేటాయింపునకు ఒక్కొక్కరికి 20 లక్షల డాలర్ల పరిమితి 2025 జులై 1 నుంచి అమలులో ఉంది. బంధువులతో మార్కెట్ ధరకు భిన్నంగా జరిపిన లావాదేవీల ఆదాయం మీద మాత్రం 45 శాతం పడవచ్చు.

సొంతంగా వేసిన జమకు మినహాయింపు కోరేవారు ముందుగా ఫండ్‌కు నోటీసు ఇచ్చి, ట్రస్టీ నుంచి అంగీకార పత్రం తీసుకున్న తరువాతే రిటర్ను వేయాలి. నోటీసు ఇచ్చేదీ, పుచ్చుకునేదీ ఒకే మనిషి అయినా ఆ కాగితం లేకపోతే మినహాయింపు రాదు.

కొన్నేళ్లు ఇండియాకు వెళ్లి ఉంటే ఫండ్ ఏమవుతుంది?

మన కుటుంబాలకు అన్నిటికంటే ప్రమాదకరమైన విషయం ఇది, కానీ ఫండ్ పెట్టేటప్పుడు దీని గురించి అడిగేవారు తక్కువ. పన్ను రాయితీలు నిలవాలంటే అది చట్టప్రకారం ఆస్ట్రేలియా ఫండ్‌గా ఉండాలి. అందుకు ఫండ్ ఇక్కడ ఏర్పడి ఉండాలి, లేదా ఒక ఆస్తి అయినా ఇక్కడ ఉండాలి. ఫండ్ నిర్వహణ, కీలక నిర్ణయాలు సాధారణంగా ఆస్ట్రేలియాలోనే జరగాలి. ట్రస్టీలు తాత్కాలికంగా బయట ఉంటే రెండేళ్ల వరకు ఈ షరతు నెరవేరినట్లే లెక్క. అలాగే, డబ్బు జమ చేస్తున్న సభ్యులు ఉంటే, వారి మొత్తం వాటాలో కనీసం సగం ఆస్ట్రేలియా నివాసులకు చెందాలి. చాలామందిని దెబ్బతీసేది ఈ చివరి షరతే. హైదరాబాదులో ఉద్యోగంలో చేరి పన్నుల రీత్యా ఇక్కడ నివాసులు కాకుండా పోయిన దంపతులు, అక్కడ నుంచి తమ ఫండ్‌కు చిన్న మొత్తం జమ చేసినా షరతు తప్పుతుంది.

తప్పితే ఏమవుతుందో చూడండి. 6 లక్షల డాలర్ల ఫండ్‌లో లక్ష డాలర్లు పన్ను కట్టిన జమలనుకుంటే, మిగిలిన 5 లక్షల మీద 45 శాతం చొప్పున 2,25,000 డాలర్లు ఒకే ఏడాదిలో పన్నుగా పోతుంది.

అందువల్ల ప్రయాణానికి ముందే ఏర్పాట్లు చేసుకోవాలి. బయట ఉన్నంత కాలం సొంత ఫండ్‌కు జమలు, ఇతర ఫండ్ల నుంచి బదిలీలు ఆపేసి, జమ చేయవలసినవి ఉంటే పెద్ద ఫండ్‌కు పంపాలి. రెండేళ్లు దాటేలా ఉంటే, ఇక్కడే ఉండే నమ్మకస్తునికి శాశ్వత పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి, తమ స్థానంలో ఆయనను ట్రస్టీగా లేదా డైరెక్టరుగా నియమించే వీలు చట్టంలో ఉంది. అయితే ఆయన నిజంగా నిర్ణయాలు తీసుకోవాలి, అక్కడి నుంచి మీరు చెప్పింది చేసి పెట్టే మనిషిగా మిగిలిపోకూడదు. తిరిగి వచ్చే ఉద్దేశం లేనప్పుడు ఫండ్‌ను ముందే మూసి పెద్ద ఫండ్‌కు మార్చుకోవడమే మంచిది. ఇక్కడి పౌరులు, శాశ్వత నివాసులు దేశం విడిచి వెళ్లినంత మాత్రాన సూపర్ చేతికి రాదు, అర్హత వయసు వరకు ఆగవలసిందే. ఇండియాలో నివాసిగా మారాక అక్కడి పన్ను ఎలా పడుతుందో అక్కడి చార్టర్డ్ అకౌంటెంటును అడగాలి.

మా అమ్మానాన్నల పేరు నామినేషన్‌లో రాయవచ్చా?

ట్రస్టీని కట్టుబడేలా చేసే నామినేషన్ జీవిత భాగస్వామికి, ఏ వయసు పిల్లలకైనా, ఆర్థికంగా మీ మీద ఆధారపడిన వారికి, మీతో పరస్పర ఆధార సంబంధంలో ఉన్నవారికి, లేదా మీ వీలునామా నిర్వాహకునికి మాత్రమే చెల్లుతుంది. ఊళ్లో తమ ఆదాయంతో బతుకుతున్న తల్లిదండ్రులు, తోబుట్టువులు ఈ జాబితాలో లేరు. వారికి చేరాలంటే నామినేషన్‌లో వీలునామా నిర్వాహకుని పేరు ఉంచి, వీలునామాలో వారి వాటా రాయాలి. పెద్ద ఫండ్లలో ఇలాంటి నామినేషన్ సాధారణంగా మూడేళ్లకు గడువు తీరుతుంది. సొంత ఫండ్లకు ఆ నియమం వర్తించదని 2022లో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు తీర్పు చెప్పింది. అయినా మీ డీడ్‌లో ఏమి రాశారో చదవండి, ఎందుకంటే చెల్లుబాటు దాని మీదే ఆధారపడుతుంది.

ఆడిట్ ఎవరు చేస్తారు? ఏయే కాగితాలు ఉంచాలి?

కంపెనీల నియంత్రణ సంస్థ ఏసిక్ వద్ద నమోదైన సూపర్ ఆడిటరు ఏటా చేయాలి. రిటర్ను గడువుకు కనీసం 45 రోజుల ముందే ఆయనను నియమించాలి. ఖాతా పుస్తకాలు ఐదేళ్లు, సమావేశాల మినిట్స్ పదేళ్లు ఉంచాలి.

ముందుగానే సూపర్ తీయించి పెడతామని కొందరు చెబుతున్నారు, నమ్మవచ్చా?

నమ్మకూడదు. సొంత ఫండ్ పెట్టించి, అందులోకి పాత నిల్వ మార్చి, ఆ డబ్బుతో అప్పులు తీర్చుకోమని చెప్పేవారు కమీషన్ తీసుకుని పక్కకు తప్పుకుంటారు. అక్రమంగా తీసిన మొత్తం మీ ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది, జరిమానాలు పడతాయి, ట్రస్టీగా అనర్హత కూడా రావచ్చు. 60 ఏళ్లు నిండి విరమించడం, 60 దాటాక ఒక ఉద్యోగం మానడం, లేదా 65 నిండడం సూపర్ తీసుకోవడానికి సాధారణ మార్గాలు. శాశ్వత వైకల్యం, ప్రాణాంతక వ్యాధి వంటి వాటికి విడిగా నిబంధనలు ఉన్నాయి.

ఫండ్‌ను మూసివేయాలంటే ఏమి చేయాలి?

డీడ్‌లో మూసివేత గురించి ఏముందో చూసి, ట్రస్టీలు రాతపూర్వకంగా తీర్మానించాలి. ఆస్తులు అమ్మి, సభ్యుల వాటాలను పెద్ద ఫండ్లకు బదిలీ చేసి లేదా అర్హులైన వారికి చెల్లించి, చివరి ఆడిట్ చేయించి, చివరి రిటర్ను వేయాలి. పన్ను బాకీకి సరిపడా సొమ్ము పక్కన పెట్టుకోవాలి. బ్యాంకు ఖాతాను అన్నిటికంటే చివర మూయాలి, ఎందుకంటే ఏటీవో నుంచి రావలసిన వాపసు ఆ ఖాతాలోనే పడుతుంది. అది వచ్చాక, దాన్ని కూడా సభ్యుల కొత్త ఫండ్లకు పంపించి అప్పుడు ఖాతా మూయించండి. ట్రస్టీ కంపెనీకి వేరే పని లేకపోతే దాని నమోదు రద్దుకు ఏసిక్‌కు విడిగా దరఖాస్తు చేయాలి.